సందేశపంక్తి - పంక్తిభేదము
(సంఘ వార్షికోత్సవ సందర్భమున చేసిన ప్రసంగపాఠము)

 

పద్యములు, నాటకములు, హరికథలు వినవచ్చిన సభలో కంప్యూటరును గూర్చిన ప్రసంగమేమని మీలో కొందరు ఆశ్చర్యపడుచుందురు. నేను శాస్త్రపట్టభద్రుడను గాను. కళాశాలలో చరిత్రయు, రాజనీతియు చదివినవాడను. సి భాషను నలువది యేండ్లకు సమీపించుచుండగా, కార్యాలయావసరము మెడమీద కూర్చుండుటచే నేర్చుకొంటిని. కావున నిపుణునివలె గాక, ఫైళ్ల నడుమ జీవితము గడుపుచున్న ఒక ఉద్యోగివలె మాటలాడెదను.

నేను చెప్పదలచిన దిది. సి భాషలో వ్రాసిన రెండు ప్రోగ్రాముల నడుమ సందేశపంక్తిని సృష్టించుట నాలుగైదు వాక్యముల పని. దానికి నియమములు ఏర్పరచుట మాత్రము కేవలము యంత్రవిద్య గాదు, అది పరిపాలన. పంక్తిలో ఎందరికి చోటుండవలెను? ఎవరు వేయవచ్చును, ఎవరు తీయవచ్చును? ఎవరిని ముందు పిలువవలెను? నిండిపోయినప్పుడు వచ్చినవాని గతి యేమి? ఇవి మనము ప్రతిదినము ఫైళ్లపై వ్రాయు నిర్ణయములే. మనము నిర్ణయింపనిచో నిర్ణయము ఆగిపోదు. ఎవరో, ఎప్పుడో, ఎక్కడనో వేసిన అంకెలు మనలను ఏలుచుండును.

మొదట వస్తువేమో చూతము. ఒకే కంప్యూటరునందు నడచుచున్న రెండు ప్రోగ్రాములలో ఒకదాని జ్ఞాపకస్థలమును రెండవది తాకుటకు వీలులేదు. ఇరుగుపొరుగు కార్యాలయములవలె నడుమ గోడ యుండును. వార్త పోవలెనన్న మూడవవాని సాయము కావలెను. ఆ మూడవవాడు కెర్నెలు, అనగా యంత్రమునంతటిని ఏలు మూలవ్యవస్థ. పంపువాడు సందేశమును కెర్నెలు చేతికిచ్చి తన పని చూచుకొనును. పుచ్చుకొనువాడు తనకు తీరిక కలిగినప్పుడు వచ్చి తీసికొనును. ఇద్దరును ఒకేసారి సిద్ధముగ నుండవలసిన అగత్యము లేదు. మన తపాలు విభాగము చేయునదియు నిదియే.

పైపు అనబడు వేరొక సాధనము కూడ కలదు. అది నీటిగొట్టము వంటిది. ఇటు రెండు బిందెలు పోసినచో అటు నీరు వచ్చును గాని, ఏ బిందె నీరు ఎంతవరకో తెలియదు. సందేశపంక్తి అట్లుగాదు. ప్రతి సందేశమును దేనికది కవరులో పెట్టి అంటించినట్లుండును. ఒక కవరు వేసినచో ఒక కవరే చేతికి వచ్చును.

'క్యూ' అను మాటకు వరుస, బారు అనియు చెప్పవచ్చును. నేను పంక్తి యను మాటను ఏరుకొంటిని. కారణము లేకపోలేదు. మనకు పంక్తి యనగానే విస్తళ్లు గుర్తునకు వచ్చును; విస్తళ్ల వెంబడి పంక్తిభేదమను దోషము కూడ గుర్తునకు వచ్చును. దాని సంగతి ముందు చెప్పెదను.

ఈ సాధనమునకు రెండు వంశములు కలవు. మొదటిది సిస్టమ్ ఫైవ్ వంశము. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు 1969లో పుట్టిన యూనిక్స్ వ్యవస్థ పలు శాఖలుగ పెరిగి, 1983లో సిస్టమ్ ఫైవ్ అను పేర వెలువడినది. దానితో ఈ పంక్తులు విస్తారముగ వాడుకలోనికి వచ్చినవి. రెండవది పోసిక్స్ వంశము. 1993లో పోసిక్స్ ప్రమాణమునకు చేర్చిన సద్యఃకాల విభాగమున ఇది నిర్వచింపబడినది. లైనక్స్ కెర్నెలులోనికి 2004లో, 2.6.6 సంఖ్యగల విడుదలతో ప్రవేశించినది. నేటికిని రెండును వాడుకలో నున్నవి.

సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో ఎమ్‌ఎస్‌జి-గెట్ అను ఫంక్షను పంక్తిని సృష్టించును. పంక్తికి పేరుండదు, 'కీ' అనబడు ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్యను ఒక ఫైలు పేరునుండి రాబట్టుటకు ఎఫ్-టోక్ అను ఫంక్షను కలదు. ప్రతి సందేశమునకు మొట్టమొదట సున్నకంటె పెద్దదైన ఒక జాతిసంఖ్య నుంచవలెను. పుచ్చుకొనువాడు సున్న అడిగినచో వరుసలో మొదటిది వచ్చును. 7 అడిగినచో ఏడవ జాతిలో మొదటిది వచ్చును. ఋణసంఖ్య వేసి 7 అడిగినచో, ఏడుకు మించని జాతులలో అన్నిటికంటె చిన్నజాతి సందేశము వచ్చును. ఒకే పెట్టెలోనుండి ఏ విభాగమువారు ఆ విభాగపు కాగితములను ఏరుకొని పోవుటకు ఈ యేర్పాటు చక్కగ నుపయోగించును. నేటి లైనక్స్‌లో సాధారణముగ ఒక్క సందేశమునకు 8192 బైట్లును, పంక్తి మొత్తమునకు 16384 బైట్లును పరిమితులు. అనగా పూర్తి నిడివిగల సందేశములు రెండు వేసినచో పంక్తి నిండినట్లే. ఈ మొత్తమును ఎమ్‌ఎస్‌జి-సిటిఎల్ అను ఫంక్షనుతో తగ్గించుకొనవచ్చును. వ్యవస్థ విధించిన హద్దుకు మించి పెంచుటకు మాత్రము ప్రత్యేకాధికారము కావలెను.

పోసిక్స్ పద్ధతిలో ఎమ్‌క్యూ-ఓపెన్ అను ఫంక్షను పంక్తిని సృష్టించును. పంక్తికి పేరు పెట్టవలెను. ఆ పేరు ఏటవాలు గీతతో ఆరంభము కావలెను. పేరు వెంట మూడు సంగతులు చెప్పవలెను.

మొదటిది ఉద్దేశము. చదువుటకా, వ్రాయుటకా, రెంటికినా? లేనిచో సృష్టింపుమని చెప్పుటకు ఓ-క్రియేట్ అను గుర్తు నుంచవలెను. ఇదివరకే యున్నచో నిరాకరింపుమని చెప్పుటకు దానికి తోడు ఓ-ఎక్స్‌క్లూజివ్ గుర్తు నుంచవలెను.

రెండవది అనుమతి. 0600 అని వ్రాసినచో యజమాని యొక్కడే వేయుటకు, తీయుటకు అర్హుడు. 0660 అనినచో అతని బృందమువారును అర్హులు. 0666 అని వ్రాయుట, తపాలు పెట్టెను తాళము లేక నడివీధిలో నుంచుటయే. తొందరలో ఉన్నవారు అట్లే వ్రాసెదరు. పైగా యూమాస్క్ అను ఒక జల్లెడ కలదు. మీరిచ్చిన అనుమతులలో కొన్నిటిని అది నిశ్శబ్దముగ తీసివేయును. 0660 వ్రాసియు బృందమువారికి ప్రవేశము లేకపోయినచో, తప్పు ఈ జల్లెడయందు వెదకవలెను.

మూడవది లక్షణపత్రము. ఇందు నాలుగు గడులు: నిరోధగుణము, గరిష్ఠ సందేశసంఖ్య, ఒక్కొక్క సందేశపు గరిష్ఠ నిడివి, ప్రస్తుతము పంక్తిలో నున్న సందేశముల లెక్క. సృష్టించునప్పుడు మీరు నిర్ణయించునవి నడిమి రెండు. పత్రమును ఖాళీగ విడిచినచో లైనక్స్ సాధారణముగ 10 సందేశములు, ఒక్కొక్కటి 8192 బైట్లు అని తానే పూరించుకొనును. ఒకసారి సృష్టి జరిగిన పిదప ఈ రెండంకెలు మారవు. ఎమ్‌క్యూ-సెట్ఆట్రిబ్యూట్ అను ఫంక్షను కలదుగాని, అది మార్చగలిగినది నిరోధగుణ మొక్కటే. ఇల్లు కట్టిన తరువాత తలుపు తెరచియుంచుటయో మూసియుంచుటయో మన చేతిలో నుండును గాని, పునాది వెడల్పు మన చేతిలో నుండదు.

పరిమితుల సంగతి యొకటి కలదు. సామాన్యునికి పదికి మించిన సందేశసంఖ్య యిచ్చుటకు వ్యవస్థ సాధారణముగ అంగీకరింపదు. యంత్రాధికారి ఆ హద్దును పెంచవలెను. ఒక్కొక్క వినియోగదారునికి అన్ని పంక్తులకును కలిపి 819200 బైట్లని వేరొక హద్దు కలదు. సృష్టి సమయముననే పంక్తి పూర్తిగ నిండినచో ఎంతయగునో అంతయు ఈ లెక్కలో పట్టుదురు. బడ్జెటు మంజూరువంటిదే. ఖర్చుపెట్టినను, పెట్టకున్నను మంజూరైన మొత్తము మీ ఖాతాలో చేరిపోవును.

ఇంతవరకు పుస్తకములందున్న సంగతి. ఇక పుస్తకములందు నాకు బోధపడని సంగతి చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్యాలయమున వైద్యవ్యయముల దరఖాస్తులకై నేనొక చిన్న ఏర్పాటు చేసితిని. ఒక ప్రోగ్రాము తపాలు బల్లయొద్ద దరఖాస్తు వివరములను స్వీకరించి పంక్తిలో వేయును. రెండవది తీసికొని లెక్కగట్టి గణకుని ముందుంచును. అతడు చూచి ఒప్పుకొన్నపిదప తరువాతి దానిని తీయును. లక్షణపత్రమును ఖాళీగ విడిచితిని. పరీక్షించునపుడు నాలుగైదు దరఖాస్తులతో అంతయు సవ్యముగ నడచినది. నిజమైన పని మొదలిడిన దినమున, గణకుడు భోజనమునకు వెళ్లియుండగా, పదునొకండవ దరఖాస్తు వేయబోయినప్పుడు తెర కదలలేదు. నిండిన పంక్తిలో వేయబోవువానిని ఖాళీ కలుగువరకు నిలిపివేయుట దాని సహజగుణము. గుమాస్తా యంత్రము చెడినదనుకొని ప్రోగ్రామును చంపి మరల మొదలిడెను. ఆ పదునొకండవది పంక్తిలోనికి పోనేలేదు.

నేను అధికారితో చెప్పి హద్దు పెంచించి, 200 సందేశములు, ఒక్కొక్కటి 1024 బైట్లు అని పత్రమున వ్రాసి ప్రోగ్రాములను మరల సిద్ధపరచితిని. ఈసారి పుచ్చుకొను ప్రోగ్రాము 'సందేశము మిక్కిలి దీర్ఘము' అని మొరపెట్టసాగినది. మా సందేశములు మూడువందల బైట్లైనను లేవు! అరపూట వెదకిన పిదప కారణము తెలిసినది. పాత పంక్తి కెర్నెలులో అట్లే యున్నది. ప్రోగ్రాములు ముగిసినంత మాత్రమున పంక్తి పోదు. ఉన్న పంక్తిని తెరచునపుడు ఓ-క్రియేట్ గుర్తు వెంట మీరిచ్చిన లక్షణపత్రమును వ్యవస్థ చూడనైన చూడదు, దోషమనియు చెప్పదు. పాత పంక్తి 8192 బైట్లది. పుచ్చుకొనువాడు తెచ్చు పాత్ర, సందేశమెంత చిన్నదైనను, పంక్తి గరిష్ఠ నిడివికి తక్కువ కారాదు. నేను తెచ్చినది 1024 బైట్ల పాత్ర. ఎమ్‌క్యూ-అన్‌లింక్ అను ఫంక్షనుతో పాతపేరును కొట్టివేసి క్రొత్తగ సృష్టింపగా పని చక్కబడినది. తెరచిన వెంటనే ఎమ్‌క్యూ-గెట్ఆట్రిబ్యూట్ తో అంకెలను చదివి, మనము కోరినవియే యున్నవా యని సరిచూడవలెనని నాడు నేర్చుకొంటిని.

అంతటితో ఆగియున్నచో ఇది నవ్వుకొనదగిన కథయే. ఆగలేదు.

పోసిక్స్ పంక్తిలో ప్రతి సందేశమునకు ఒక ప్రాధాన్యసంఖ్య యుండును. లైనక్స్‌లో అది 0 మొదలు 32767 వరకు. పెద్ద సంఖ్యగలది ఎప్పుడు వచ్చినను ముందు పోవును. సమానసంఖ్య గలవి వచ్చిన వరుసను పోవును. నేను మూడంతరములు పెట్టితిని: సాధారణము 0, ముఖ్యము 5, తక్షణము 10. విచక్షణను పంపువారికే విడిచితిని. తరువాత జరిగినది మీరూహింపగలరు. మన కార్యాలయములలో 'తక్షణము' అను ముద్రకు నోచుకొనని కాగిత మెక్కడనున్నది? నెలతిరుగకుండ ప్రతి విభాగమును తన కాగితములను పదితోనే పంపుచుండెను.

క్రొత్తగ చేరిన ఒక గుమాస్తా మాత్రము నియమపత్రమును చదివి, అది చెప్పినట్లే చేసెను. పదవీవిరమణ చేసిన ఒక జమేదారు తన భార్య చికిత్సకైన ఖర్చునకు దరఖాస్తు పెట్టుకొనగా, అతడు దానికి సున్న వేసి పంపెను. అది సోమవారము. సంవత్సరాంతపు రద్దీ. గణకుడు దినమునకు పూర్తిచేయు వానికంటె వచ్చునవి హెచ్చుగ నున్నవి. క్రొత్తగ వచ్చిన ప్రతి పదియు ఆ సున్నను దాటి ముందునకు పోయినది. శనివారము సాయంకాలమునకు ఆ సందేశము పంక్తిలోనే యున్నది. ఆదివారము విద్యుత్తు మరమ్మతులకై యంత్రమును ఆపి మరల నడిపిరి. సందేశపంక్తి కెర్నెలు జ్ఞాపకమందుండును గాని డిస్కుపై నుండదు. యంత్రము ఆగగానే పంక్తియు, అందున్న సమస్తమును మాసిపోయినవి.

విభాగములవారు తమ కాగితములు రాలేదని గోల చేసి మరల పంపుకొనిరి. ఆ ముసలివాని పక్షమున గోలచేయు విభాగము లేదు. మూడు వారముల తరువాత అతడే వచ్చెను. మేము రిజిస్టరు చూచి, 'పంపబడినది' అని యున్నదంటిమి. నిజమే. ఎమ్‌క్యూ-సెండ్ సున్నను తిరిగి యిచ్చినది గనుక ప్రోగ్రాము అట్లు వ్రాసికొన్నది. అతడు మడతలు నలిగిన రసీదును బల్లపై పరచి, "ఈ నంబరు అబద్ధమా, సార్?" అని యడిగెను.

ఆ నంబరు అబద్ధము గాదు. 'పంపబడినది' అను మాట అబద్ధము గాదు. అయినను ఇద్దరము కలిసి అతనిని మోసగించినట్లే యైనది. ఇద్దరనగా నేనును, నా ప్రోగ్రామును. మూల దరఖాస్తు కట్టలో దొరకినది. వారము దినములలో సొమ్ము చెల్లించితిమి. ఈలోపల అతడు తెచ్చిన అప్పుపై పెరిగిన వడ్డీని చెల్లించుటకు మాత్రము మా ఖాతాలలో శీర్షిక లేదు.

నాటి రాత్రి నాకు మా ఊరి పెండ్లి పంక్తులు గుర్తునకు వచ్చినవి. ఆకలితో వచ్చినవానిని లేదని పంపివేయుట ఒక దోషము. కూర్చుండబెట్టి విస్తరి వేసి, నేయి గిన్నె ఎప్పుడును అతనిని దాటించి తీసికొనిపోవుట అంతకంటె పెద్ద దోషము. దానినే పెద్దలు పంక్తిభేద మనిరి. ప్రాధాన్యసంఖ్య యనగా చట్టబద్ధమైన పంక్తిభేదము. దానికి హద్దు వేయనివాడు దోషము చేసినవాడే.

ఆ తరువాత మేము చేసిన మార్పులను వరుసగ చెప్పెదను.

మొదటిది: పంక్తి రిజిస్టరు గాదు. దరఖాస్తును ముందుగ డిస్కుపై నున్న చిట్టాలో వ్రాసి, అది డిస్కునకు చేరెనని స్థిరపరచుకొని, అటుపిమ్మట పంక్తిలో వేయుచుంటిమి. గణకుడు ముగించిన తరువాతనే చిట్టాలో 'ముగిసినది' అని పడును. యంత్రము మరల నడచినప్పుడు చిట్టాలో ముగియనివన్నియు తిరిగి పంక్తిలో చేరును. ఒకటే దరఖాస్తు రెండుమార్లు రాకుండ రసీదు నంబరుతో సరిచూతుము.

రెండవది: పంక్తిలో పడిన సందేశపు ప్రాధాన్యమును పెంచు ఉపాయము లేదు, తీసి మరల వేయవలసినదే. కావున ప్రాధాన్యములను మాని రెండు పంక్తులు పెట్టితిమి. మూడు తక్షణములు తీసినచో ఒక సాధారణము తీయవలెను. 'తక్షణము' అన్నవారు మంజూరుచేసిన అధికారి పేరు వ్రాయవలెను. పేరు వ్రాయవలసి వచ్చినంతనే తక్షణములు విశేషముగ తగ్గినవి!

మూడవది: పంపువాడు అనంతముగ నిలిచిపోకుండ ఎమ్‌క్యూ-టైమ్డ్‌సెండ్ వాడితిమి. ఐదు సెకనులలో చోటు దొరకనిచో 'పంక్తి నిండినది, వేచియుండుడు' అని తెరపై చెప్పును. ఇందొక మెలిక. ఆ ఫంక్షను అడుగునది ఎంతసేపని గాదు, ఏ గడియ వరకని. ఇప్పటి గడియకు ఐదు కలిపి యివ్వవలెను. ఉత్త ఐదు అని వ్రాసినచో, ఆ గడియ 1970 సంవత్సరముననే దాటిపోయినదని నిండిన పంక్తి తత్క్షణమే నిరాకరించును.

నాలుగవది: ఎమ్‌క్యూ-నోటిఫై అను ఫంక్షనుతో, ఖాళీ పంక్తిలో సందేశము పడినప్పుడు గంట మ్రోగునట్లు చేయవచ్చును. ఒక పంక్తికి ఒక్క ప్రోగ్రాము మాత్రమే ఈ గంట నడుగవచ్చును. ఒక్కసారి మ్రోగిన తరువాత మరల అడుగవలెను. పంక్తి ఖాళీగ లేనప్పుడు వచ్చినవానికి గంట మ్రోగదు. కావున గంట విన్నవాడు మరల గంటను కోరుకొని, పంక్తిని పూర్తిగ ఖాళీచేయవలెను.

ఐదవది: పంక్తిలో నున్న సందేశముల లెక్కను ప్రతి సాయంకాలము చదివి వ్రాయుట. పదిని రెండువందలు చేసినప్పుడు సమస్య తీరినదనుకొంటిని. నిజమునకు సమస్యను దాచితిని. పదిమందికి చోటున్నప్పుడు రద్దీ వెంటనే కనబడెడిది; రెండువందలకు చోటిచ్చిన పిదప వారము దినములు కనబడలేదు. డెన్మార్కు దేశపు ఎర్లాంగ్ టెలిఫోను పిలుపులను గూర్చి 1909లో ప్రకటించిన వ్యాసమునుండి ఈ పంక్తుల గణితము పెరిగినదని చెప్పుదురు. గణితము నాకు రాదు. అందులో తేలిక సత్యము మాత్రము తెలియును: వచ్చునవి పోవువానికంటె హెచ్చైనచో, ఏ పొడవుగల పంక్తియైనను నిండక మానదు. మాకు కావలసినది పొడవైన పంక్తి గాదు, రెండవ గణకుడు. ఆ సాయంకాలపు లెక్కలను జతపరచి వ్రాసిన కాగితముపైననే రెండవ గణకుడు మంజూరయ్యెను.

సోదరులారా! మన సంఘములోని యువకులనేకులు నాకంటె బాగుగ సి భాష నెరిగినవారు. వారికి నేను క్రొత్తగ చెప్పగలిగిన దేమియు లేదు. నావలె కళాశాస్త్రములు చదివి, 'అది సాంకేతికుల పని' యని సంతకముపెట్టి పంపువారికే ఈ మాటలు. మీ ముందునకు ఒక ఏర్పాటు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలడుగుడు. పంక్తి ఎంత? నిండినచో ఏమగును? ఎవరు ఎవరిని దాటవచ్చును? యంత్రమాగినచో ఏమి మిగులును? వీనికి సి భాష యక్కరలేదు. తెలుగులో అడుగవచ్చును, తెలుగులో జవాబు చెప్పించుకొనవచ్చును.

ఆ రసీదు నకలు నేటికిని నా సొరుగులో నున్నది. క్రొత్త ప్రోగ్రాములో 'పంపబడినది' అను మాటను తీసివేసి, 'పంక్తిలో నున్నది' అని మార్చితిని.